పొలం అమ్మకముందు కళ్ళు చూపించండి

(మైదుకూరు విలేఖరి)

గత నెలలో మా వీధి రైతు ఒకాయన చేతిసంచిలో పట్టాదారు పాసుపుస్తకం పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కేసీ కాలువ కింద ఆయనకు మూడెకరాల మాగాణి ఉంది. వరి, పసుపు వేస్తాడు. కొడుకు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు.

"మావాడు పైలట్ చదువుతానంటాండాడు అన్నా. రెండెకరాలు అమ్మితే ఫీజుకు సరిపోతాది. నెలాఖరులోగా మొత్తం కట్టేస్తే రెండు లక్షలు తగ్గిస్తామన్నారంట. పేపర్లో రాస్తావు గదా, కట్టమంటావా, వద్దంటావా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మూడేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల ఊళ్ళోనే మరో రైతు ఇలాగే పొలం అమ్మి, ఒక శిక్షణ సంస్థకు రూ.28 లక్షలు ఒక్కసారే కట్టాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. కుర్రవాడు తెలివైనవాడే. మొదటి ఆరు నెలల్లో 18 గంటలు మాత్రమే ఎగిరాడు. తర్వాత విమానాలు మరమ్మతుకు పోయాయి. విమానాలు వచ్చేసరికి శిక్షకులు వెళ్ళిపోయారు. రెండేళ్ళు గడిచేసరికి అతని లాగ్ బుక్కులో ఉన్నవి 74 గంటలు. కావలసినవి 200. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు ఆ కుర్రవాడు ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చుంటున్నాడు. తండ్రి ఒకప్పుడు తనదైన చేలో కౌలుకు సేద్యం చేస్తున్నాడు.

రైతు బిడ్డ విమానం నడపకూడదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తప్పకుండా నడపాలి. అయితే ఈ చదువులో డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ పోతుందో తెలియకుండా దిగిన కుటుంబాలు నష్టపోతున్నాయి. వేలల్లో తేలిపోయే పరీక్షలను చివరకు నెట్టి, లక్షల్లో కట్టవలసిన ఫీజును ముందు కడుతున్నాయి. ఈ వరుస తిరగేస్తే చాలు, సగం నష్టం తప్పుతుందని నా అభిప్రాయం.

లెక్క ఎంత?

విమానం నడిపి జీతం తీసుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలి. ఇది ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయం. అందరూ డీజీసీఏ అంటారు. 18 ఏళ్ళు నిండాలి. 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తానే విమానానికి బాధ్యుడై ఎగరాలి. ఒక ఊరి నుంచి మరో ఊరికి చేసే దూర ప్రయాణాలు 20 గంటలుండాలి. వాటిలో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 555 కిలోమీటర్లు ఉండాలి. పరికరాలను మాత్రమే చూస్తూ నడపడం 10 గంటలు, రాత్రి పూట ఎగరడం 5 గంటలు ఉండాలి.

చిన్న శిక్షణ విమానానికి గంటకు రూ.15 వేలు అనుకుందాం. కొన్నిచోట్ల ఇంతకంటే ఎక్కువే తీసుకుంటున్నారు. 200 గంటలకు రూ.30 లక్షలు. అందులో కొన్ని గంటలు రెండు ఇంజన్ల విమానం మీద ఎగరవలసి వస్తుంది. దాని గంట రేటు బాగా ఎక్కువ. పాఠాలు, పుస్తకాలు, యూనిఫాం, హెడ్‌సెట్, వైద్య పరీక్షలు, హాస్టలు, భోజనం, ప్రయాణాలు కలిపితే రూ.45 లక్షల నుంచి 55 లక్షల వరకు పోతోంది. విమాన సంస్థలే నడిపించే క్యాడెట్ కోర్సులు కోటి రూపాయల దరిదాపుల్లో ఉంటున్నాయి.

లైసెన్సు వచ్చాక కూడా ఖర్చు ఆగదు. చిన్న సెస్నా మీద నేర్చుకున్నవాడు నేరుగా ఎయిర్‌బస్ ఎక్కి నడపలేడు. ఫలానా రకం పెద్ద విమానం మీద ప్రత్యేక శిక్షణ పొందాలి. దానిని టైప్ రేటింగ్ అంటారు. అది మరో రూ.15 లక్షల పైమాట. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి లైసెన్సు చేతికి వచ్చిన తర్వాతే తెలుస్తోంది.

మొదటి మెట్టు డాక్టరు దగ్గర

పైలట్ కావడానికి రెండు వైద్య పరీక్షలున్నాయి. మొదట క్లాస్ 2. తర్వాత క్లాస్ 1. క్లాస్ 1 సర్టిఫికెట్ లేనిదే కమర్షియల్ లైసెన్సు రాదు. చూపు, వినికిడి, గుండె, రక్తం, నరాలు అన్నీ చూస్తారు. ఇవి డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల వద్దా, కేంద్రాల్లోనూ జరుగుతాయి. ఖర్చు వేలల్లోనే.

ఇందులో ముఖ్యమైనది రంగుల చూపు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు ఉంటారు. ఈ లోపం పుట్టుకతో వస్తుంది. ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. ఉన్నవాడికి కూడా ఉన్నట్టు తెలియదు, ఎందుకంటే చిన్నప్పటి నుంచి లోకాన్ని అలాగే చూస్తున్నాడు. దీనికి మందు లేదు. రంగు చుక్కల మధ్య అంకెలున్న పుస్తకం ఒకటి కంటి డాక్టర్ల వద్ద ఉంటుంది. ప్రొద్దుటూరులోనో కడపలోనో కంటి డాక్టరు వద్దకు తీసుకుపోతే పది నిమిషాల్లో, కొన్ని వందల రూపాయల్లో తేలిపోతుంది. కళ్ళద్దాలు పెట్టుకున్నంత మాత్రాన అనర్హులు కారు. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే సరిపోతుంది.

క్లాస్ 2 తో శిక్షణ మొదలుపెట్టవచ్చు, క్లాస్ 1 తర్వాత చూసుకుందాం అనే సలహా కొన్ని సంస్థల వాళ్ళే ఇస్తుంటారు. నిబంధన ప్రకారం తప్పు లేదు. కానీ పేద, మధ్య తరగతి కుటుంబానికి ఇది ప్రమాదకరమైన సలహా. పదిహేను లక్షలు ఖర్చయ్యాక క్లాస్ 1 లో తిరస్కరిస్తే ఆ డబ్బుకు దిక్కెవరు? క్లాస్ 1 సర్టిఫికెట్ చేతికి రాకముందు ఫీజుగా ఒక్క పెద్ద విడత కూడా కట్టకూడదు.

రెండో మెట్టు పుస్తకాల దగ్గర

డీజీసీఏ రాత పరీక్షలు ప్రధానంగా ఇవి: గగన మార్గ నిర్దేశం అనే నేవిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు. ప్రతి పేపరులో నూటికి 70 రావాలి. నడిపే విమానం గురించిన మరో సాంకేతిక పేపరు ఉంటుంది. అది ఏ విమానం మీద నేర్చుకుంటారో తెలిశాక రాసుకోవచ్చు. ఇవి కాక రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష ఉంది.

ఈ పేపర్లు ఎగరడం మొదలు పెట్టకముందే రాయవచ్చు. ఇంటర్ ఎంపీసీ బాగా చదివినవాడికి ఇవి అందని పరీక్షలు కావు. నేవిగేషన్‌లో ఉన్నది త్రికోణాలు, వేగం, కాలం, దూరం లెక్కలే. ఇంగ్లీషు మాత్రం గట్టిగా చూసుకోవాలి. తెలుగు మీడియం పిల్లలు వెనకబడుతున్నది అక్కడే. పాత పుస్తకాలు సగం ధరకు దొరుకుతాయి. కోచింగ్‌కు లక్షలు తీసుకునే చోట్లున్నాయి గాని, ఒకటి రెండు పేపర్లు ఇంట్లోనే చదివి రాసి, కష్టమైన దానికి మాత్రమే కోచింగ్‌కు వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

ముందే రాయడంలో రెండు లాభాలున్నాయి. మొదటిది, పిల్లవాడి పట్టుదల నిజమైనదో, సినిమా చూసి పుట్టిన మోజో ఒక్క ఏడాదిలో తేలిపోతుంది. పేపర్లు పాసు కాలేదనుకోండి, పోయేది వేలల్లో. పొలం పొలంలాగే ఉంటుంది. డిగ్రీలో చేర్పించవచ్చు. రెండోది, పేపర్లు పాసై వెళ్ళినవాడు అక్కడ ఎగరడం మీదే దృష్టి పెడతాడు. పరీక్షల కోసం సెలవు పెట్టి గంటలు పోగొట్టుకోడు.

సంస్థను లెక్కేసి చూడండి

పెళ్ళి సంబంధానికి వెళితే మనవాళ్ళు నాలుగు ఇళ్ళలో వాకబు చేస్తారు. ఎద్దును కొనాలంటే పళ్ళు చూస్తారు. అర కోటి కట్టే సంస్థను మాత్రం అందమైన బ్రోషరు చూసి నమ్ముతున్నారు.

ఒక చిన్న లెక్క చెబుతాను. సంస్థలో 60 మంది విద్యార్థులున్నారనుకోండి. ఒక్కొక్కరికి 200 గంటలు. మొత్తం 12,000 గంటలు. నిజంగా ఎగిరే స్థితిలో ఉన్న విమానాలు 5. ఒక్కో విమానం రోజుకు 3 గంటల చొప్పున నెలకు 20 రోజులు ఎగిరితే నెలకు 300 గంటలు. 12,000 ను 300 తో భాగిస్తే 40 నెలలు. అంటే 18 నెలల కోర్సు అని చెప్పినా, ఉన్న విమానాలతో అది మూడేళ్ళు దాటుతుంది. ఈ లెక్క వేయడానికి ఇంజనీరు కానక్కరలేదు.

కనుక సంస్థకు వెళ్ళినప్పుడు షెడ్డులో ఉన్న విమానాలు ఎన్ని అని అడగవద్దు. ఈ రోజు ఎగురుతున్నవి ఎన్ని అని అడగండి. శిక్షకులు ఎందరు, విద్యార్థులు ఎందరు, పోయిన ఏడాది ఎందరు 200 గంటలు పూర్తి చేశారు, ఎన్ని నెలల్లో చేశారు అని అడగండి. ఆఫీసులో అడిగి ఊరుకోక, హాస్టలు దగ్గర టీ బంకులో కూర్చుని సీనియర్ విద్యార్థుల లాగ్ బుక్కులు చూపించమనండి. అబద్ధం చెప్పడానికి వాళ్ళకు అవసరం లేదు. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ కూడా శిక్షణ సంస్థలకు శ్రేణులు ఇస్తోంది. సంస్థ పేరు ఆ జాబితాలో ఏ శ్రేణిలో ఉందో చూడాలి. శ్రేణి ఒక్కటే చూసి నిర్ణయించకూడదు గాని, చూడకుండా వెళ్ళనూ కూడదు.

వాతావరణం కూడా డబ్బే. ఉత్తరాదిన చలికాలంలో పొగమంచు, పడమటి తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు. ఆ రోజుల్లో చిన్న విమానాలు నేలమీదే ఉంటాయి. హాస్టలు బిల్లు మాత్రం ఆగదు.

విదేశాల్లో అయితే త్వరగా పూర్తవుతుందని అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వెళుతున్నవాళ్ళున్నారు. అది నిజమే కావచ్చు. అయితే అక్కడి లైసెన్సును తిరిగి వచ్చి మన లైసెన్సుగా మార్చుకోవాలి. దానికి ఇక్కడ పరీక్షలున్నాయి, ఖర్చుంది. ఆ మొత్తం కూడా కలిపి పోల్చుకోవాలి.

రెండు లక్షల తగ్గింపు ఎవరికి లాభం?

మొత్తం ఒక్కసారి కడితే తగ్గిస్తామని చెప్పడం వ్యాపార పద్ధతి. మా వీధి రైతుకు రెండు లక్షల తగ్గింపు పెద్దదిగా కనిపించింది. అయితే డబ్బు మన చేతిలో ఉన్నంతకాలమే మన మాట చెల్లుతుంది. మొత్తం ముట్టాక, విమానం ఎందుకు ఎగరడం లేదని అడిగితే "చూస్తాం" అనే మాటే వస్తుంది.

ఎగిరిన గంటలకు కట్టడం అన్నిటికంటే మంచిది. అలా ఒప్పుకోకపోతే 20 గంటలకో, 25 గంటలకో ఒక విడత చొప్పున కట్టాలి. ముందు విడత గంటలు పూర్తయితేనే తర్వాతి విడత అని కాగితం మీద రాయించుకోవాలి. మధ్యలో మానితే ఎంత వెనక్కి ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా రాయించాలి. ఇంధనం ధర పెరిగితే గంట రేటు పెంచుతారా అనేది కూడా రాతలో ఉండాలి. చెక్కు రూపంలోనో బ్యాంకు ద్వారానో కట్టి రసీదు తీసుకోవాలి.

పన్ను విషయం కూడా తెలుసుకోవాలి. డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలు నడిపే ఆమోదిత విమాన శిక్షణ కోర్సులకు జీఎస్టీ లేదని 2024 సెప్టెంబరులో జరిగిన జీఎస్టీ మండలి 54వ సమావేశం స్పష్టం చేసింది. బిల్లులో 18 శాతం వేశారంటే 30 లక్షల మీద అది రూ.5 లక్షల 40 వేలు. ఎందుకు వేశారని అడిగే హక్కు మనకుంది. రెండు లక్షల తగ్గింపు కంటే ఇది పెద్దది.

అప్పు రోజూ తింటుంది

పైలట్ శిక్షణకు బ్యాంకులు విద్యా రుణం ఇస్తాయి. మొత్తం పెద్దది కనుక ఇల్లో పొలమో తనఖా అడుగుతాయి. రూ.50 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుంటే ఏడాదికి వడ్డీయే రూ.5 లక్షల 50 వేలు. నెలకు సుమారు రూ.46 వేలు. రోజుకు రూ.1,500. పదిహేనేళ్ళ కాలానికి నెలసరి వాయిదా సుమారు రూ.57 వేలు అవుతుంది.

శిక్షణ ఒక ఏడాది ఆలస్యమైతే ఐదున్నర లక్షలు ఏమీ నేర్వకుండానే పోయినట్టు. అందుకే ఈ చదువులో అన్నిటికంటే ఖరీదైనది ఆలస్యం. బ్యాంకు నుంచి కూడా మొత్తం ఒకేసారి తీసుకోకుండా, శిక్షణ సాగే కొద్దీ విడతలుగా విడుదల చేయించుకోవాలి. తీసుకున్న మేరకే వడ్డీ పడుతుంది.

ఇక మన ఊళ్ళలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చే అలవాటుంది. నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24. పది లక్షలకు నెలకు ఇరవై వేలు. పైలట్ చదువుకు ఇలాంటి అప్పు తేకూడదు. అది పంట చేతికొచ్చే నాలుగు నెలలకు తట్టుకోగల వడ్డీయే గాని, మూడు నాలుగేళ్ళ చదువుకు తట్టుకోగలది కాదు.

కుర్రవాడు చేయవలసింది

తల్లిదండ్రులు జాగ్రత్త పడితే సరిపోదు. విమానం ఎక్కేవాడి చేతిలో కూడా కొంత పొదుపు ఉంది.

నాలుగు సీట్ల సెస్నా 172 విమానం గంటకు సుమారు 30 నుంచి 35 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అది మన బంకుల్లో దొరికే పెట్రోలు కాదు, విమానాలకు వాడే ప్రత్యేక పెట్రోలు. ఇంజను తిరుగుతున్న ప్రతి నిమిషానికీ బిల్లు. గంటకు 15 వేలంటే నిమిషానికి రూ.250. కాక్‌పిట్‌లో కూర్చున్నాక ఏ మీట ఎక్కడుందో వెతుక్కునే కుర్రవాడు నిమిషానికి 250 రూపాయలు పెట్టి వెతుకుతున్నాడన్నమాట.

ఆ వెతుకులాట గదిలో చేస్తే ఖర్చు లేదు. కుర్చీలో కూర్చుని, గోడకు కాక్‌పిట్ బొమ్మ అంటించుకొని, రేపటి పాఠాన్ని మొదటి నుంచి చివరి వరకు చేతులతో, నోటితో చేసి చూసుకోవాలి. రేడియోలో ఏమనాలో బయటికి చదువుకోవాలి. నాటకాల వాళ్ళు రిహార్సల్ చేసినట్టే. దిగిన తర్వాత శిక్షకుడు చెప్పిన తప్పులు ఆ రోజే పుస్తకంలో రాసుకోవాలి. సంస్థ ఒప్పుకుంటే తోటి విద్యార్థి ఎగిరేటప్పుడు వెనక సీట్లో కూర్చుని చూడాలి. ఆ గంట లాగ్ బుక్కులోకి ఎక్కదు, కానీ బుర్రలోకి ఎక్కుతుంది.

వరుసగా ఎగరడం మరో పొదుపు. నెల రోజులు ఆగి మళ్ళీ ఎక్కితే చేయి మరచిపోతుంది. శిక్షకునితో మళ్ళీ చెక్ ఫ్లైట్ చేయవలసి వస్తుంది. అలా 200 గంటలు కాస్తా 210 అవుతాయి. పది గంటలంటే లక్షన్నర. కనుక సెలవులకు ఇంటికి రావడం, బంధువుల పెళ్ళిళ్ళకు రావడం వాన రోజుల్లో పెట్టుకోవాలి. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో రన్‌వే దగ్గరే ఉండాలి.

నలుగురు కలిసి గది తీసుకొని వండుకోవడం, పాత పుస్తకాలు, సీనియర్ల దగ్గర హెడ్‌సెట్ కొనడం, ఇవన్నీ మంచివే. కానీ ఇవి వేలల్లో మిగిల్చే పొదుపులు. రోజుకు ఒక టీ మానేస్తూ, ఆరు నెలలు ఎగరకుండా కూర్చునేవాడు పొదుపరి కాడు.

ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు

కొన్నిచోట్ల పొదుపు చేస్తే ప్రాణం మీదకు వస్తుంది. తిండి, నిద్ర తగ్గించి ఎగరకూడదు. జ్వరం ఉంటే ఫీజు పోతుందని దాచిపెట్టి విమానం ఎక్కకూడదు. గాలి బాగాలేదని శిక్షకుడు ఆపితే వాదించకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎగరని గంటలు ఎగిరినట్టు రాయించుకోకూడదు. "ఇరవై గంటలు రాసేస్తాం, సగం ఇవ్వు చాలు" అనేవాళ్ళు ఎక్కడైనా ఉండవచ్చు. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు దేశంలో పట్టుబడ్డారు. అరెస్టులు జరిగాయి. గంటలు తప్పుగా రాసిన వ్యవహారాలు కూడా ఆ ఏడాదే బయటపడ్డాయి. పట్టుబడితే లైసెన్సు పోతుంది, పెట్టిన లక్షలన్నీ పోతాయి. పట్టుబడకపోతే ఇంకా ఘోరం. ఏదో ఒకనాడు వెనక నూట ఎనభై మంది ప్రయాణికులుంటారు.

లైసెన్సు వచ్చిన మర్నాడే ఉద్యోగం రాదు

హైదరాబాదు పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా కథ చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. తండ్రి బేకరీలో పనిచేసేవారు. దాతల సాయంతో, ప్రభుత్వ సాయంతో బేగంపేటలో శిక్షణ పొంది 2013లో కమర్షియల్ లైసెన్సు సాధించింది. కానీ అక్కడితో పని కాలేదు. పై శిక్షణకు మళ్ళీ లక్షలు కావలసి వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం ఆదుకున్నాక గాని ముందుకు సాగలేదు. విమాన సంస్థలో చేరేసరికి లైసెన్సు వచ్చి ఏళ్ళు గడిచాయి. ఆమె పట్టుదలను మెచ్చుకుంటూనే, మధ్యలోని ఆ ఏళ్ళను కూడా మనం చూడాలి. పొలం అమ్మిన తండ్రి ఆ ఏళ్ళకు ఏమి దాచుకున్నాడు?

పోనీ, ఉద్యోగం వచ్చాక నిశ్చింతా అంటే, అదీ లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఎగరడం ఆపేశాయి. 2020లో కరోనా వచ్చి చాలా విమానాలు నెలల తరబడి నేలమీద నిలిచాయి. వందలమంది పైలట్లు రోడ్డున పడ్డారు. వాయిదాలు మాత్రం నెల నెలా వచ్చాయి.

అందుచేత ఉన్నదంతా లైసెన్సుకే ఊడ్చి పెట్టకూడదు. టైప్ రేటింగ్‌కు, ఉద్యోగం వచ్చే వరకు వడ్డీకి, ఇంటి ఖర్చుకు కొంత పక్కన ఉంచాలి. అంత లేకపోతే శిక్షణ మొదలుపెట్టడం ఒకటి రెండేళ్ళు వాయిదా వేసుకోవచ్చు. 18 ఏళ్ళకే పైలట్ కావాలని శాసనం లేదు. డిగ్రీ చదువుతూ పేపర్లు పాసై, 22 ఏళ్ళకు మొదలుపెట్టినా ముందు నలభై ఏళ్ళ ఉద్యోగం ఉంది. చేతిలో డిగ్రీ ఉంటే రోజులు బాగా లేనప్పుడు మరో ఉద్యోగమైనా చేసుకోవచ్చు.

ప్రభుత్వం చేయగలది

ఈ భారమంతా తల్లిదండ్రుల మీద వేసి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2022లో కొత్త శిక్షణ సంస్థల కోసం ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో మన కడప ఒకటి. వానలు తక్కువ పడే రాయలసీమ ఆకాశం శిక్షణకు అనువైనది. మన ఆకాశంలో మన పిల్లలకు చోటు దక్కాలంటే స్థానికులకు కొన్ని సీట్లు, ఫీజులో రాయితీ అడగాలి. ప్రజాప్రతినిధులు ఈ విషయమై నోరు విప్పాలి.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ విద్యా పథకంలో కమర్షియల్ పైలట్ శిక్షణ కూడా ఉంది. గుర్తించిన సంస్థల్లో సీటు వచ్చినవారికే అది వర్తిస్తుంది. మన మండలంలో నేను అడిగిన పదిమంది లెక్చరర్లలో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియదు. ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఈ వివరాలు పెట్టడానికి ఒక కాగితం, నాలుగు గుండు పిన్నులు చాలు.

శిక్షణ సంస్థలు ఎగిరే స్థితిలో ఉన్న విమానాల సంఖ్య, విద్యార్థుల సంఖ్య, సగటున కోర్సు పూర్తవడానికి పట్టిన నెలలు ప్రతి నెలా బయట పెట్టాలని డీజీసీఏ కట్టడి చేయాలి. ముందుగా తీసుకున్న ఫీజును వేరే ఖాతాలో ఉంచి, ఎగిరిన గంటల మేరకే సంస్థ వాడుకునే పద్ధతి రావాలి. అపార్టుమెంట్లు కట్టేవాళ్ళు కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. ఇటుకల ఇంటికి ఉన్న రక్షణ పిల్లవాడి చదువుకు ఎందుకు ఉండకూడదు?

చివరికి

మా వీధి రైతుకు నేను చెప్పిన జవాబు ఇదే: "కట్టొద్దని చెప్పను అన్నా. ఈ నెల మాత్రం కట్టొద్దు. ముందు వాడిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపో. తర్వాత క్లాస్ 1 చేయించు. తర్వాత రెండు పేపర్లు రాయనీ. అవన్నీ అయ్యాక కూడా వాడు ఎగురుతానంటే అప్పుడు ఇద్దరం పోయి సంస్థను చూసొద్దాం."

"అప్పటికి ఆ రెండు లక్షల తగ్గింపు ఉండదేమో గదా?" అన్నాడు.

"రెండెకరాలు ఉంటాయి గదా" అన్నాను.

పాసుపుస్తకం మళ్ళీ సంచిలో పెట్టుకొని వెళ్ళాడు. మొన్న సోమవారం తండ్రీకొడుకులు ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉండగా చూశాను. కుర్రవాడి చేతిలో నేవిగేషన్ పుస్తకం ఉంది. కంటి డాక్టరు దగ్గరికే వెళుతున్నారట. ఈ ఏడు కూడా ఆ రెండెకరాల్లో పసుపు వేస్తానని తండ్రి చెప్పాడు.